ప్లగ్గు ఎవరు పెట్టాలి?

రెండున్నర టన్నులు దాటిన బరువు. ఎనిమిది సిలిండర్ల 4.4 లీటర్ల ఇంజను. దానికి తోడు ఒక ఎలక్ట్రిక్ మోటారు. అన్నీ కలిపి ఆరువందల యాభై గుర్రాల పైచిలుకు. బీఎండబ్ల్యూ ఎక్స్‌ఎం అనే ఈ బండిని 2022 డిసెంబరులో మన దేశంలో దింపినప్పుడు షోరూం ధర 2 కోట్ల 60 లక్షలు. ఇంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేదు. డబ్బున్నవాళ్ళు గుర్రాలు కొనుక్కోవడం ఈనాటిది కాదు. చిక్కల్లా యూరప్ కాగితాల్లో మైలేజీ గడి దగ్గరొచ్చింది. వంద కిలోమీటర్లకి పెట్రోలు లీటరున్నర, మహా అయితే ఇంకాస్త అని అక్కడ రాసుంది. లీటరుకి అరవై కిలోమీటర్ల పైమాటే. మా వీధిలో పాలు పోసే కుర్రాడి స్ప్లెండరు ఈ మాట వింటే సిగ్గుతో స్టాండు మీదే ఉండిపోతుంది.

కంపెనీ అబద్ధం ఆడిందనుకుంటే పొరపాటు. అబద్ధం అవసరం లేకుండా పని జరగడమే ఇందులో గొప్పతనం. ఇలా పెట్రోలు మీదా, ప్లగ్గు పెట్టి నింపిన కరెంటు మీదా నడిచే ప్లగ్-ఇన్ హైబ్రిడ్లను పరీక్షించే పద్ధతి ఒకటుంది. ముందు బ్యాటరీ నిండా చార్జి చేసి నడుపుతారు. తర్వాత బ్యాటరీ అయిపోయాక నడుపుతారు. ఆ రెండు లెక్కల్నీ కలిపి సగటు తీస్తారు. ఏ లెక్కకి ఎంత వాటా ఇవ్వాలి? అక్కడ ఒక నమ్మకం ఉంది: కొన్నవాడు బుద్ధిమంతుడు, రోజూ రాత్రి ప్లగ్గు పెడతాడు అని. ఏకాదశి నాడు తిన్నది తూచి, ఏడాది పొడుగునా నా తిండి ఇంతే అని డాక్టరుకి రాసిచ్చినట్టన్నమాట.

2016లో మన దేశానికి 1 కోటి 25 లక్షల ధరతో వచ్చిన వోల్వో ఎక్స్‌సీ90 టీ8నే తీసుకోండి. భారీ బండి, నాలుగొందల గుర్రాలు. యూరప్‌లో పాత పరీక్ష ప్రకారం అది కిలోమీటరుకి వదిలే కార్బన్ డయాక్సైడు 49 గ్రాములు. నలభై తొమ్మిదే ఎందుకొచ్చిందని అమాయకంగా అడక్కండి. అక్కడ 50 గ్రాముల లోపు బండ్లు అమ్మిన కంపెనీలకి ప్రభుత్వ లెక్కల్లో అదనపు మార్కులు పడేవి. సర్కారు యాభై దగ్గర గీత గీస్తే, ఇంజనీర్లు దానికి ఒక్క అడుగు ఇవతల బండి ఆపారు. మన ఊళ్ళో నాలుగంతస్తులకి పర్మిషనిస్తే ఐదోది పెంట్‌హౌస్ పేరుతో లేస్తుంది కదా, తెలివి ఎవరి సొత్తూ కాదు.

2021 నుంచి యూరప్‌లో కొత్త కార్లలో ఒక మీటరు తప్పనిసరి చేశారు. తాగిన ప్రతి చుక్కనీ అది రాసిపెట్టుకుంటుంది. అంటే నిందితుడి జేబులోనే సాక్షిని కూర్చోబెట్టారు. ఆ ఏడు రిజిస్టరైన సుమారు 6 లక్షల వాహనాల వివరాలు రాబట్టి, యూరోపియన్ కమిషన్ 2024 మార్చిలో లెక్క బయటపెట్టింది. మామూలు పెట్రోలు, డీజిలు కార్లు కాగితం మీదకంటే రోడ్డు మీద ఇరవై శాతం ఎక్కువ కాలుస్తున్నాయి. అది క్షమించదగ్గ అబద్ధం, పెళ్ళిచూపుల్లో జీతం చెప్పే పాటిది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు వదిలే కార్బన్ డయాక్సైడు మాత్రం సగటున మూడున్నర రెట్లు.

మోటారు చెడిపోయిందా? లేదు. బ్యాటరీ కాలిందా? లేదు. ఎవరూ ప్లగ్గు పెట్టలేదు. అంతే.

బ్రిటన్‌లో పన్ను రాయితీ కోసం కంపెనీలు ఉద్యోగులకి ఇలాంటి కార్లిచ్చాయి. లీజు ముగిసి తిరిగొచ్చినప్పుడు కొన్నిట్లో చార్జింగు కేబుళ్ళు ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా డిక్కీలో పడున్నాయని 2018లో అక్కడి పత్రికలు రాశాయి. యూరప్‌లో సొంతానికి కొనుక్కున్నవాళ్ళు నడిపిన దూరంలో సగానికి కాస్త తక్కువ కరెంటు మీద సాగితే, కంపెనీ కార్లు కరెంటు మీద నడిచింది 11 నుంచి 15 శాతమేనని 2022 నాటి అధ్యయనం ఒకటి తేల్చింది. కారణం వెతకడానికి అధ్యయనం అక్కర్లేదు. పెట్రోలు కార్డు కంపెనీది, ఇంటి కరెంటు బిల్లు తనది. సొంత డబ్బు పెట్టి భూగోళాన్ని కాపాడేటంత పిచ్చివాళ్ళు లండన్‌లోనూ లేరు, లకడీకాపూల్‌లోనూ లేరు.

ఇక మా బావగారి దగ్గరికొద్దాం. ఆయనదీ ఇలాంటి బండే. కారు ఏ కంపెనీదో చెప్పను, ఆయన చెప్పొద్దన్నారు. కోకాపేటలో ముప్పయ్యో అంతస్తులో ఉంటారు. 2023 ఆగస్టులో ఎకరం వంద కోట్లు దాటి పలికిన నేలకి కూతవేటు దూరం. కారు నిలిపేది మాత్రం భూమికి మూడు అంతస్తుల కింద, మూడో సెల్లారులో. కొనేటప్పుడు సేల్స్ కుర్రాడు చెప్పిన మాట ఆయనకి మంత్రంలా పట్టేసింది: "సార్, ఊళ్ళో కరెంటు, ఊరవతల పెట్రోలు. రేంజి గురించి టెన్షనే లేదు." నిజానికి మాట మంచిదే. జూబ్లీహిల్స్ ఆఫీసుకి వెళ్ళిరావడానికి అలాంటి బ్యాటరీ హాయిగా సరిపోతుంది. పెట్రోలు లీటరు నూట ఏడు రూపాయలున్న ఊళ్ళో ఆ ఆదా చిన్నదేం కాదు, కోటిన్నర కారున్నవాళ్ళు ఆదా చేస్తారనుకుంటే.

చార్జరు బిగించడానికి మనుషులొచ్చారు. అపార్ట్‌మెంటు అసోసియేషన్ అడ్డం పడింది. కామన్ మీటరు మీద మీ కారెలా తాగుతుందన్నారు సెక్రటరీ గారు. విడిగా సబ్‌మీటరు పెట్టిస్తానన్నారు బావగారు. వైరు ఎవరి పార్కింగు మీదుగా పోవాలన్నది తేలడానికి రెండు మీటింగులూ, ఒక వాట్సాప్ గ్రూపులోంచి ముగ్గురి నిష్క్రమణా అవసరమయ్యాయి. తీరా అన్నీ అయ్యాక పెట్టె మీద ఎర్ర లైటు వెలిగి ఆరుతోంది. ఎలక్ట్రీషియను వచ్చి టెస్టరు పెట్టి పెదవి విరిచాడు. "ఎర్తింగ్ సక్కగ లేదు సార్. ఈ బండ్లు ఒప్పుకోవు." ఎకరం వంద కోట్లు పలికిన చోట ఎర్తింగుకి భూమి కరువైంది. ఆఖరికి గొయ్యి తవ్వి, ఉప్పూ బొగ్గూ వేసి, నీళ్ళు పోసి శాంతి చేశారు. ఆ బొగ్గు కూడా పర్యావరణం ఖాతాలోనే రాసుకోవాలి.

అప్పుడు అసలు ప్రశ్న పుట్టింది: ప్లగ్గు పెట్టేదెవరు?

బావగారు పెట్టరు. లాబీ దగ్గర దిగి లిఫ్టెక్కే మనిషి మూడో సెల్లారు ఎలా ఉంటుందో చూడనే లేదు. అక్కయ్య పెట్టదు. కేబులు మురికిగా ఉంటుందట, చీరకి అంటుతుందట. పిల్లాడు బోస్టన్‌లో వాతావరణ మార్పుల మీద పీజీ చేస్తున్నాడు కాబట్టి వాడికి కుదరదు. మిగిలింది డ్రైవరు. రాత్రి పదకొండింటికి బండి కిందకి దింపి, ఆఖరి బస్సు అందుకుని మణికొండ అవతల గదికి పోవలసిన మనిషి. భూగోళం వేడెక్కకుండా ఆపే బాధ్యత పారిస్ నుంచి బయల్దేరి, ఢిల్లీ మీదుగా వచ్చి వచ్చి, చివరికి అతని బొటనవేలి మీద వాలింది.

"ప్లగ్గు పెట్టావా?"

"పెట్టిన సార్."

"మరి పొద్దున జీరో చూపిస్తోందేం?"

"కరెంటు పోయినట్టుంది సార్."

"జనరేటరు ఉందిగా?"

"జనరేటరు మీద పెట్టొద్దన్నడు సార్ వాచ్‌మెను. డీజిలు లెక్క మళ్ళ మీటింగుల అడుగుతరట."

ఈ సంభాషణలో ఏది నిజమో దర్యాప్తు చేసే ఓపిక బావగారికి లేదు. పెట్రోలు కార్డు ఎలాగూ కంపెనీదే. కంపెనీ ఆయనదే అయినా, కంపెనీ ఖర్చు వేరు, ఇంటి ఖర్చు వేరు. లండన్ గుమాస్తాకీ మా బావగారికీ ఇక్కడ చుట్టరికం కలుస్తుంది.

బ్యాటరీ ఖాళీగా ఉన్నా బండి బరువు తగ్గదు కదా. కరెంటు లేని ఆ బ్యాటరీని రోజూ కోకాపేట నుంచి జూబ్లీహిల్స్ దాకా పెట్రోలు పోసి మోసుకెళ్ళి, సాయంత్రం మళ్ళీ మోసుకొస్తున్నారు. హైబ్రిడ్ కొనకపోయి ఉంటే ఆ మోత కూలీ మిగిలేది.

అయితే బావగారు బ్యాటరీని అసలు వాడరనడం అన్యాయం. ఆ బండిలో ఒక మీట ఉంది. అది నొక్కితే ఇంజను పెట్రోలు కాల్చి బ్యాటరీ నింపుతుంది. ఇలా నింపడం శుద్ధ దండగని ఎనిమిదో తరగతి సైన్సు మేష్టారు కూడా చెబుతారు. ఒక శక్తిని ఇంకో శక్తిగా మార్చిన ప్రతిసారీ దారిలో కొంత ఖర్చు రాలుతుంది. బావగారికి మాత్రం అది మహా ఇష్టం. 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు మీద ఎక్కడో ఒకచోట ఆ మీట నొక్కుతారు. గ్రీన్ బిల్డింగ్ గృహప్రవేశానికో, క్లబ్బులో పర్యావరణ సదస్సుకో గేటు దగ్గరపడగానే ఎలక్ట్రిక్‌కి మారుస్తారు. చప్పుడు లేకుండా పోర్టికోలోకి వచ్చి ఆగుతుంది. దారంతా కాల్చిన పెట్రోలుతో కొనుక్కున్న ఆ వంద గజాల నిశ్శబ్దాన్ని చూసి జనం "ఎలక్ట్రిక్కా అండీ?" అంటారు. ఆయన అవుననరు, కాదనరు. చిరునవ్వు నవ్వుతారు.

సేల్స్ కుర్రాడు చెప్పనివి రోడ్డు చెప్పింది. ఒకసారి విజయవాడ హైవే మీద ఫాస్ట్ చార్జరు కనిపిస్తే ఉత్సాహంగా ఆపారు. ఆ గన్ను ఈ బండి సాకెట్లో దూరలేదు. ఇది నెమ్మదిగా ఏసీ చార్జింగు మాత్రమే పుచ్చుకునే రకం. ఇంట్లో పెద్ద చార్జరయితే నాలుగు గంటలు, మామూలు ప్లగ్గయితే రాత్రి తెల్లవార్లూ. ఇంకోసారి చిట్యాల దాటాక టైరు పంక్చరైంది. డిక్కీ తెరిచి అడుగుపలక లేపితే స్టెప్నీ ఉండాల్సిన చోట బ్యాటరీ సరంజామా ఉంది. దాని పక్కన చిన్న డబ్బాలో జిగురు, ఒక గాలి పంపు. దారి పక్క పంక్చరు షాపాయన ఆ జిగురు డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి, బావగారి మొహంలోకి జాలిగా చూశాడు. "ఇంత బండికి స్టెప్నీ ఇయ్యలేదా సార్? మా ఆటోకి సుత ఉంటది."

ఊరెళ్ళి వారాల తర్వాత వచ్చేసరికి బండి తలుపు తెరుచుకోలేదు. అంత పెద్ద బ్యాటరీ లోపల ఉంది. కానీ తాళాలు, స్క్రీన్లు, బండిని నిద్ర లేపే కంప్యూటర్లు నడిచేది పన్నెండు ఓల్టుల మామూలు బ్యాటరీ మీద. అది చచ్చిపోతే పెద్దది బతికున్నా లాభం లేదు. సచివాలయంలో పని ఉన్నవాళ్ళకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

పన్ను విషయంలో ఆయన బాధ నిజమైనదే, నేను నవ్వను. పూర్తి ఎలక్ట్రిక్ కారు మీద జీఎస్టీ 5 శాతం. ఈయన బండి లాంటి పెద్ద హైబ్రిడ్‌కి సెస్సుతో కలిపి 43 శాతం పడేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 అయింది. అటు డీజిలు బండి పక్కనే కూర్చోబెట్టారు. 2018 నుంచి ఎలక్ట్రిక్ బండ్లకి ఇస్తున్న ఆకుపచ్చ నంబరు ప్లేటు కూడా దీనికి లేదు. అదీ ఆయన్ని ఎక్కువ బాధించింది. డబ్బు పోయినా పరవాలేదు, ఆకుపచ్చ ఎవరికి కనిపిస్తుంది మరి? నాకు తోచింది మాత్రం చెబుతాను: యూరప్ వాళ్ళు మనిషిని నమ్మి రాయితీ ఇచ్చారు. మన ఆర్థిక శాఖ ఎవర్నీ నమ్మని అలవాటు కొద్దీ, పొరపాటున సరైన పని చేసింది.

వీటిని పద్ధతిగా వాడేవాళ్ళు లేరని కాదు. బావగారి టవరులోనే ఒక రిటైర్డు డాక్టరమ్మ ఉన్నారు. అదే రకం బండి, తనే నడుపుతారు, రాత్రి చెప్పులేసుకుని దిగి తనే ప్లగ్గు పెడతారు. పెట్రోలు బంకు ఏ వైపుందో ఆవిడ మర్చిపోయారు. ఆవిడ ఇబ్బంది ఇంకో రకం. ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి కదలకపోతే పాడవుతుందని, అప్పుడప్పుడూ అవసరం లేకపోయినా ఇంజను నడపవలసి వస్తోంది. ఆవిడ ఇంజను తిరగనందుకు బాధ, ఈయన ఇంజను ఆగనందుకు బాధ. ఇద్దరి బండికీ కాగితం మీద మైలేజీ ఒకటే.

మొన్న ఆదివారం భోజనాలయ్యాక ఈ ప్రస్తావన మళ్ళీ వచ్చింది. కారు కంపెనీ యాప్ నెలవారీ నివేదిక పంపిందట. కరెంటు మీద నడిచిన వాటా చూసి బోస్టన్ నుంచి కొడుకు ఫోన్ చేసి నిలదీశాడట. బావగారు డ్రైవర్ని పైకి పిలిపించారు. అతను చెప్పులు గుమ్మం బయట వదిలి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"రోజూ ప్లగ్గు పెట్టడానికి నీకేం కష్టంరా?"

"కష్టం కాదు సార్. కింద లైన్ల చూసుకుని, వైరు తీసి, లైటు పచ్చగయ్యేదాక నిలబడాలె. గింతల ఆఖరి బస్సు పోతది. ఆటోకి నెలకి వెయ్యి రూపాయలు ఎక్కువిస్తే రోజూ పెట్టిపోత."

బావగారు నిజంగానే నొచ్చుకున్నారు. ఇన్ని కోట్ల మంది పిల్లల భవిష్యత్తుకి సంబంధించిన విషయంలో కూడా డబ్బులడిగే మనుషులుంటారా అన్నట్టు నా వైపు చూశారు. తర్వాత అతనితో మెల్లగా అన్నారు:

"వెయ్యా? అంత పెట్టి కరెంటు ఎందుకురా, పెట్రోలే కొట్టించు."