బస్ ద్వయ వ్యాఖ్యానము

అవతారిక: కాగితాల మీద మాణికేశ్వర్ నగర్, నోటి మీద వడ్డెర బస్తీ. రాళ్లు కొట్టి బతికినవాళ్ల పేరు మోసే బస్తీ అది. పక్కనే ఉస్మానియా క్యాంపస్, 1939లో తెరిచిన ఆర్ట్స్ కాలేజీ గ్రానైటు భవనం. ఆ బస్తీ నుంచి క్యాంపస్ దాటి తార్నాక స్టాపుకు నడిచొచ్చారు ఇద్దరు వదినామరదళ్లు. పొద్దున నల్లా దగ్గర ఎవరి బిందె ముందు అన్న తగువు కూడా వాళ్ల వెంటే నడిచొచ్చింది. అంతలో మలుపులో బస్సు ముక్కు కనబడింది. అప్పుడు మరదలు పలికిన వాక్యమిది.

మూలము: “ఇగ బస్ జెయ్ వదినే, బస్సొచ్చింది!”

ప్రతిపదార్థము: వదినే = ఓ వదినా; ఇగ = ఇక; బస్ = చాలు అని; జెయ్ = చేయుము; బస్సు = ఎక్కదలచిన బండి; ఒచ్చింది = వచ్చినది. (ఆగునని చెప్పలేదు, గమనించునది.)

వ్యాకరణము: మొదటి బస్ పారసీకము. ఉర్దూ మీదుగా దక్కనులో దిగింది. అవ్యయం కనుక ఏ ప్రత్యయమూ తగిలించుకోకుండా పొల్లుతోనే బతికేస్తోంది. రెండోది ఇంగ్లీషు నామవాచకం. తెలుగింట కాపురం చేయాలంటే చివర ఉకారం పెట్టుకోక తప్పదు. ముందున్నది హ్రస్వమైతే హల్లు రెట్టించాలి కూడా: కప్పు, పెన్ను, పిన్ను, బస్సు. దీర్ఘమైతే ఆ బాధ లేదు: కారు, రూటు, స్టాపు. అలా దొరగారి ఒంటి సకారం మన దగ్గర జంటయింది. అదే బస్సు స్టాపుతో కలిసి బస్టాపు అయినప్పుడు మాత్రం మూడు సకారాల్లో ఒక్కదానికే చోటు దొరుకుతుంది. రద్దీ అట్లాంటిది.

శంక: రెండు బస్‌లనూ గుర్తుపట్టేదెట్లా?

సమాధానము: ఉర్దూ లిపిలో రెండూ బే, సీన్ అన్న రెండక్షరాలే, చుక్క తేడా లేదు. 1918లో ఉర్దూ మాధ్యమంగా మొదలైన విశ్వవిద్యాలయం పక్కన నివసిస్తూ ఈ ప్రశ్న వేయరాదు. సందర్భమే ప్రమాణము.

వ్యుత్పత్తి: లాటిను భాషలో ‘ఆమ్నిబుస్’ అంటే ‘అందరికీ’. 1828లో పారిస్‌లో, మరుసటి ఏడు లండన్‌లో, డబ్బిచ్చిన ఎవరినైనా ఎక్కించుకునే గుర్రపు బండికి ఆ పేరు పెట్టారు. తరవాత ఇంగ్లీషువాళ్లు తల నరికి తోక ఉంచుకున్నారు. ఆ తోక చతుర్థీ బహువచన ప్రత్యయం, మన ‘రామేభ్యః’లోని ‘భ్యః’కు చుట్టం. అనగా ‘అందరు’ ఊడిపోయి ‘కి’ ఒక్కటే చక్రాల మీద తిరుగుతోంది. అందుకే కాబోలు, అది అందరినీ ఎక్కించుకోదు. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టిన నాటి నుంచి, ఊడిన ఆ ప్రకృతిని పూరించే భారం స్టాపులో నిలబడ్డవాళ్లదే. ఫుట్‌బోర్డు మీద ఒంటికాలితో వేలాడేవాడు ప్రకృతికీ ప్రత్యయానికీ నడుమ సంధికార్యంలో ఉన్నాడని గ్రహించునది.

పాఠాంతరము: “చాల్లే వదినా, బస్సొచ్చింది” అని కోస్తా నుంచి వచ్చిన హాస్టలు విద్యార్థుల పాఠం. అర్థభంగం లేదు గానీ యమకం చచ్చిపోతుంది. కావున అగ్రాహ్యము.

అలంకారము: ఒకే ధ్వని భిన్నార్థాలతో మళ్లీ రావడం యమకం. మరదలు దీన్ని ఏ లక్షణ గ్రంథమూ చూడకుండా, ఒక చేత్తో టిఫిను సంచి, మరో చేత్తో వదిన మోచెయ్యి పట్టుకుని సాధించింది.

తాత్పర్యము: ‘వదినా, ఇక చాలు, బండి వచ్చింది.’ వదిన నోరు మూసింది. ఇద్దరూ ఎక్కారు, ఆధార్ కార్డులు చూపారు. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం పుణ్యమా అని చెరో జీరో టికెట్టూ చేతికొచ్చింది. సీటు దొరికింది. బండి కదిలింది. అప్పుడు వదిన, “అయితే ఆ బిందె సంగతేంది?” అంది.

దీనివల్ల తేలినదేమంటే, బస్ అనగా ‘చాలు’ మాత్రమే. ‘అయిపోయింది’ అన్న అర్థం ఏ భాషలోనూ లేదు.