తీగపాకం 46

ఎవరు హైడ్రాలిక్ ఆయిలు డబ్బా మూత తీసినా, ఎక్కడున్నా సరే మా చిన్నాయన వాలిపోతాడు. చూపుడువేలు ముంచి బొటనవేలితో నలుపుతాడు. రెండు వేళ్లూ మెల్లగా విడదీసి తీగ సాగుతుందా లేదా అని కన్ను చికిలించి చూస్తాడు. లడ్డూలకు పాకం పట్టేటప్పుడు మా చిన్నమ్మ కూడా ఇట్లే చూస్తుంది. కాకపోతే ఆమె లడ్డూలు ఏనాడూ చెడిపోలేదు.

"లేతపాకం 32. తీగపాకం 46. ముదురుపాకం 68. దీనికి ఇంజనీరింగు కాలేజీ ఎందుకురా అబ్బీ?"

బేతంచెర్ల నాపరాతి గనుల్లో పొక్లెయిన్ల వెంట తిరిగి తిరిగి నెరిసిన తల అది. సీమలో జేసీబీ ఉన్న ప్రతి ఊర్లోనూ ఇట్లాంటి ఆయిలు పండితుడు ఒకడుంటాడు; మాకు ఇంట్లోనే ఉన్నాడు.

ఈ అంకెలు ఆయిలు చిక్కదనానివి. వాటితో వచ్చిన చిక్కేమంటే, డబ్బా మీది అంకె 40 డిగ్రీల దగ్గర కొలిచింది. కర్నూలు మే నెలలో ఆ 40 కోసం ల్యాబుకు పోనక్కర్లేదు, వేపచెట్టు కింద కూర్చుంటే చాలు. చిన్నాయన వేలికి మాత్రం ఆ లెక్క లేదు. సంక్రాంతి పొద్దున 68 అన్న డ్రమ్మునే ఏప్రిల్ మధ్యాహ్నం 32 అన్నాడు. "ఎవడో మార్చినాడు!" అని ఇల్లు పీకి పందిరేశాడు. ఎవడూ మార్చలేదు, ఎండ పలచన చేసింది.

సీలు కారుతుంటే ఆయన వైద్యం ఒకటే: ఇంకా చిక్కటిది పోయ్. తెల్లారి చల్లదనానికి ఆ చిక్కటిదాన్ని పీల్చలేక పంపు కుయ్యోమంటే, "పని మొదలుపెడదామని పిలుస్తాంది" అంటాడు.

అయితే కొన్ని విషయాల్లో ఆయనకు దండం పెట్టాలి. డ్రమ్ము నిలబెట్టి ఉంటే ఊరుకోడు. పైన వాననీళ్లు నిలుస్తాయి, పగలు కాగిన డ్రమ్ము రాత్రి చల్లారేటప్పుడు బిరడా సందులోంచి ఆ తడిని లోపలికి గుంజుకుంటుంది. అందుకే పడుకోబెట్టి, రెండు బిరడాలూ ఒకే ఎత్తులో ఉండేట్టు దొర్లించి, కింద రాయి పెడతాడు. ఆయిలు మజ్జిగలా తెల్లబడితే నీళ్లు కలిసినట్టేనని నాకు చెప్పింది ఆయనే. బండల దుమ్ములో ట్యాంకు మూత తీసిన హెల్పర్‌కు ఆయన పెట్టే చీవాట్లు అచ్చుకెక్కవు.

ఇక నా కడుపుమంట. పోయిన ఏడాది మా ట్రాక్టరుకు కూడా 68 పోయమన్నాడు. "ఆయిలంతా ఒకటేరా!" ఒకటి కాదు. మా ట్రాక్టరులో గేర్లు, లిఫ్టు, బ్రేకులు ఒకే ఆయిల్లో మునిగి ఉంటాయి. బ్రేకులకు పనికొచ్చే మందు కలిసిన ఆయిలు వేరే ఉంది. మూడో రోజుకే బ్రేకు తొక్కితే ఊరి కుక్కలన్నీ జవాబిచ్చాయి. అదంతా మాన్యువల్‌లో రాసే ఉంది. ఆ మాన్యువల్ నా బీరువాలోనే ఉంది, కవరు కూడా చించలేదు. 68 చవకగా వస్తుందని నోరు మూసుకున్నది కూడా నేనే.

మొన్న కిరాణా కొట్లో నేనే శనగనూనె వేలికి రాసుకుని తీగ చూస్తుంటే మా ఆవిడ చూసింది. ఏమీ అనలేదు. అదే భయం.

మీ బండికి ఆయిలు సలహా కావాలంటే చిన్నాయన అరుగు మీదే ఉంటాడు. పొద్దున ఏడులోపు రండి. పన్నెండు దాటితే ఏ ఆయిలైనా 32నే.