రూటు మామ

మా అనంతపురంలో వాన రాకపోతే మబ్బును తిడతారు, బస్సు రాకపోతే డిపోను తిడతారు. రూటు మామ మాత్రం ఎవర్నీ ఒక మాట అనడు. "దారిలో యాడో ఇరుక్కున్యాది అప్పా, కనుక్కుందాం ఉండు" అని కండ్లద్దాలు తుడుచుకుంటాడు. మీ వీధిలోనూ ఇట్లాంటి మనిషి ఒకరు ఉండే ఉంటారు.

ఈ జబ్బు ఆయనకు 1990ల్లో అంటుకుంది. అప్పటి ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్‌ను జనానికి అందుబాటులోకి తెచ్చింది 1995 ఆగస్టు 15న, అదీ పెద్ద నగరాల్లోనే. అంతకుముందు కంప్యూటర్ పిచ్చోళ్ళకు దిక్కు ఫిడోనెట్. 1984లో అమెరికాలో టామ్ జెన్నింగ్స్ మొదలుపెట్టిన సరదా వ్యవహారం అది. కంప్యూటరూ సొంతమే, ఫోను బిల్లూ సొంతమే. పగలంతా ఉత్తరాలను మూటగట్టి పెట్టుకుని, రాత్రికి ఒక కంప్యూటరు ఇంకోదానికి ఫోన్ చేసి దించేసేది. చెనక్కాయ మూట బండి మారి బండి మారి మండీకి చేరినట్టే. అడ్రసంటే జోను, నెట్టు, నోడు, అన్నీ అంకెలే. అప్పట్లో ఆసియాది ఆరో జోను.

మామ బొంబాయిలోని ఫిడోనెట్ కంప్యూటరుకు ఎస్టీడీ కొట్టేవాడు. రాత్రి పదకొండు దాటితే పావు చార్జీ కదా, అప్పటిదాకా మోడెం ముందు జాగారం. తీరా లైను కలిసి అది కీచుమనేసరికి కరెంటు పోయేది.

ఉత్తరం చేరలేదంటే మాత్రం ఆయనకు పండగే. దారిలో ప్రతి కంప్యూటరూ ఉత్తరం అడుగున 'వయా' అని తన ముద్ర వేసి పంపుతుంది. ఆ ముద్రలు వేలితో తడుముతూ చదివి, ఏ మజిలీలో ఆగిందో చెప్పేవాడు. ఒకడి రూటు ఫైల్లో 'అటు పంపు' అనీ, అటువాడి ఫైల్లో 'ఇటు పంపు' అనీ ఉంటే ఇంకేముంది, ఉత్తరం ఇద్దరి మధ్యా షటిల్ బస్సే. తొలిరోజుల్లో జాబితాలో ఒక నంబరు తప్పుపడి, అమెరికాలో ఎవరో ముసలావిడకు అర్ధరాత్రుళ్ళు కంప్యూటర్లు ఫోన్ చేసి ఈలలు వేశాయట. ఆ కథ మా వీధిలో వినని పిల్లోడు లేడు.

ఫిడోనెట్ పాతబడింది. మామ చూపు పాతబడలేదు. మొన్న ఒక రైతు అరుగు మీద కూచుని, మా చెరువుకు హంద్రీ-నీవా కాలువ నీళ్ళు ఎప్పుడొస్తాయి మామా అని అడిగాడు.

"మల్యాల కాడ ఎత్తినారు. జీడిపల్లికి వచ్చినాయి. అంటే మూట హబ్బుకు చేరినాది. నీ చెరువు నోడు లిస్టులో ల్యాదు, అంతే."

"మరి ఎక్కించేదెవరు?"

"అది నాకెందుకప్పా! నేను రూటు వరకే."

రైతు తువ్వాలు దులుపుకుని లేచాడు. తన చెరువు ఎందుకు ఎండిందో ఇంత స్పష్టంగా అతనికి ఎవరూ చెప్పి ఉండరు.

అసలు సంగతి అత్తనడగాలి. డల్లాస్ నుంచి తమ్ముడి కొడుకు ఈమెయిల్ పంపాడు. అది వారం ఆలస్యంగా, స్పామ్‌లో దొరికింది. మామ దాని హెడర్లు విప్పాడు. వాటిని కింది నుంచి పైకి చదవాలట, పై ముద్ర కడపటిదట. ఏ సర్వరు ఏ నిమిషానికి అందుకుంది, ఏది ఎవరికి అప్పజెప్పింది, అంతా డైరీలో రాసుకున్నాడు. మధ్యలో ఒక సర్వరు గడియారం నాలుగు నిమిషాలు వెనకుందని కనిపెట్టి రెండు రోజులు మురిసిపోయాడు. అత్త రోజూ కాఫీ గ్లాసు పెట్టి, "పిల్లోడు ఏం రాసినాడు?" అని అడిగేది.

"ఇంకా ఆడిదాకా పోల్యాదు లేవే" అనేవాడు.

ఆ పిల్లోడి పెండ్లి కదిరిలో పోయిన నెల ఇరవయ్యో తేదీన అయిపోయింది.