స్టీమ్ సాక్షుల సముఖానికి మదనపల్లె అర్జీ

గౌరవనీయులైన స్టీమ్ సాక్షులకు, స్టీమిట్ యాజమాన్యం వారికి

విషయం: రాసినవాళ్లకు డబ్బులిస్తామన్న వేదికలో కొత్త సభ్యుల కష్టాలు, కొన్ని సవరణలు కోరుతూ వినతి.

ఆర్యా,

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు కొత్త రాతగాళ్ల తరఫున అర్జీదారు విన్నవించుకునేది ఏమనగా:

ఈ కాగితం ఎవరి చేతికివ్వాలన్నదే మొదటి చిక్కు. సోమవారం గ్రీవెన్సుకు వెళ్తే బల్ల వెనక ఎవరో ఒక అధికారి ఉంటారు. అర్జీ తీసుకుని నంబరు వేస్తారు. మీ దగ్గర బల్ల వెనక ఎవరూ ఉండరట, బ్లాక్‌చెయిన్ గొప్పంతా అదేనట. 2016 మార్చిలో నెడ్ స్కాట్, డాన్ లారిమర్ స్టీమ్‌ను మొదలుపెట్టినప్పుడు చూపించిన ఆశ కూడా చిన్నది కాదు. జనం రాతల మీద వచ్చే సొమ్ము కంపెనీ జేబులోకి పోకుండా, రాసినవాడికీ, అది మెచ్చి ఓటేసినవాడికీ కొత్తగా పుట్టే నాణేలు పంచుతారు. మొదటి పంపకం ఆ ఏడాది జులై 4న జరిగింది కూడా.

బల్ల వెనక ఎవరూ లేరన్న మాట మాత్రం అర్జీదారు నమ్మడు. 2020లో జరిగిన కథ అతను చదివాడు. ఆ ఫిబ్రవరిలో ట్రాన్ అనే మరో బ్లాక్‌చెయిన్ అధిపతి జస్టిన్ సన్ స్టీమిట్ కంపెనీని కొన్నాడు. కంపెనీతో పాటు, మొదటి రోజుల్లోనే అది తన ఖాతాలో పోగేసుకున్న భారీ నాణేల నిల్వ కూడా ఆయన చేతికొచ్చింది. నాణేల లెక్కన పడే ఓట్లతో ఎన్నికై బ్లాక్‌చెయిన్‌ను నడిపే అప్పటి సాక్షులు, ఆ నిల్వతో ఓట్లు వేయకుండా కట్టడి పెట్టారు. మార్చి 2న బైనాన్స్, హువోబీ, పోలోనియెక్స్ ఎక్స్ఛేంజీలు రంగంలోకి దిగాయి. ఖాతాదారులు తమ దగ్గర దాచుకున్న నాణేలతోనే ఓట్లు గుద్ది, పాత సాక్షులను దించేశాయి. డిపాజిట్‌దారుల సొమ్ముతో సహకార సంఘం ఎన్నిక గెలవడమంటే ఇదే. గొడవ ముదిరాక మార్చి 20న ఒక వర్గం హైవ్ పేరుతో వేరు కుంపటి పెట్టుకుంది. కాబట్టి అధికారి ఉన్నాడు. ఎవరి ఖాతా బరువైతే వాడే అధికారి.

అసలు ఫిర్యాదు ఈ బరువు మీదే. మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో ఒక నేతగాడు పట్టుచీర అంచు మగ్గం మీద ఎలా పడుతుందో తెలుగులో రాశాడనుకోండి. తోటి నేతగాళ్లు పదిమంది చదివి, బాగుందని ఓటు నొక్కారు. వాళ్ల ఖాతాల్లో స్టీమ్ పవర్ లేదు, అంటే విడిపించుకోవడానికి 4 వారాల వాయిదాలు పట్టేలా కట్టిపెట్టిన నాణేలు లేవు. ఆ పది ఓట్ల విలువ కలిపినా సున్నాకు దగ్గరే. మొత్తం 2 అమెరికన్ సెంట్లకు చేరకపోతే అసలు చెల్లింపే ఉండదు, ధూళి కింద లెక్కగట్టి తుడిచేస్తారు. పట్టు గురించి పది తరాలుగా తెలిసినవాళ్లు బాగుందన్నా చెల్లదు. మగ్గం మొహం చూడని, తెలుగు ముక్క రాని పెద్ద ఖాతాదారు ఒక్కడు పొరపాటున వేలు తగిలించినా చాలు, డాలర్లు రాలతాయి. పైగా 2019 ఆగస్టుకు ముందు పంపకంలో ముప్పాతిక రాసినవాడికి దక్కేది. ఆ నెల మార్పుల తర్వాత సగం ఓటేసినవాళ్లకే పోతోంది.

మనిషికొక సమాన ఓటు ఇమ్మని అర్జీదారు అడగడం లేదు. అలా ఇస్తే తెల్లారేసరికి ఒక్కొక్కడికి వెయ్యి దొంగ ఖాతాలు పుడతాయన్న మీ జవాబు అతనికి తెలుసు, అది సరైన జవాబే. అడిగేది వేరు. ఒకరి ఓటు బలాన్ని మరొకరికి అరువిచ్చే డెలిగేషన్ ఏర్పాటు మీ దగ్గర ఎప్పటినుంచో ఉంది. పెద్ద ఖాతాల్లో నిద్రపోతున్న బలంలో కొంత, తెలుగు చదవగలిగిన నలుగురి చేతికి ఏడాది పాటు ఇవ్వండి. వాళ్లు ఏ రాతకు ఎంత వేశారో అందరికీ ఎలాగూ కనిపిస్తూనే ఉంటుంది. తప్పు చేస్తే లాక్కోండి. తెలుగు రాత విలువ తెలుగు చదివినవాడు కట్టాలి. ఇందులో సాంకేతిక విప్లవమేమీ అక్కర్లేదు.

రెండో సంగతి, ఏడు రోజుల గడువు. ఏ రాతకైనా వారం దాటితే పైసా రాదు. ఆ తర్వాత లక్ష మంది చదివినా అంతే.

ఈ గడువుతో ఏం పోతుందో మా ఊరి కథే చెబుతుంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ మదనపల్లె వచ్చి బీసెంట్ థియొసాఫికల్ కాలేజీలో విడిది చేశారు. అప్పటి ప్రిన్సిపాల్ ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్. టాగూర్ అక్కడ జనగణమన పాడితే, కజిన్స్ భార్య మార్గరెట్ దాని స్వరాలు రాశారు. ఫిబ్రవరి 28న ఆయన అక్కడే కూర్చుని పాటను ఇంగ్లీషులోకి మార్చి ఇచ్చారు. మీ లెక్కన మార్చి 7కి గడువు ముగిసేది. అప్పటికి ఆ రాతను చూసినవాళ్లు కాలేజీ ప్రాంగణం దాటి ఎంతమంది ఉంటారు? పాట జాతీయగీతమైంది 1950 జనవరి 24న, దాదాపు 31 ఏళ్ల తర్వాత.

అంత పాత ముచ్చట ఎందుకంటారా, పుంగనూరుకు రండి. మూడడుగుల దరిదాపు ఎత్తుండే పుంగనూరు పొట్టి ఆవు గురించి, దాని పాలలో వెన్న శాతం గురించి, అంతరించిపోతున్న ఆ జాతిని పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో కాపాడుకుంటూ రావడం గురించి 2023 డిసెంబరులో ఎవరైనా ఓపిగ్గా రాసి ఉంటే, ఏ నలుగురో చదివి ఊరుకునేవాళ్లు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో ఆ ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు వచ్చాయి. దేశమంతా ఒక్కసారిగా పుంగనూరు ఎక్కడుందని వెతికింది. రాసినవాడి గడువు మాత్రం అప్పటికే చెల్లిపోయి ఉండేది. ఇలాంటి వేదికల మీద వంటలూ, ధరల జోస్యాలూ, ఇవాళ్టి ఫొటోలూ పేరుకుపోతే ఆశ్చర్యమేముంది? మీ పంపకం అడిగేదే అది. అర్జీదారు కొత్త వరమేదీ కోరడం లేదు. మొదటి రోజుల్లో మీ దగ్గరే 30 రోజులకు రెండో విడత చెల్లింపు ఉండేది, 2017లో తీసేశారు. దాన్నే వెనక్కి తెచ్చి, వీలైతే ఏడాదికోసారి లెక్క తిరగదోడే పద్ధతి పెట్టండి.

ఇక తాళంచెవుల సంగతి. ఖాతా తెరవగానే మీరిచ్చే పాస్‌వర్డు పెద్దబడి పీ అక్షరంతో మొదలై యాభై అక్షరాలకు పైగా సాగుతుంది. దాని కింద ఓనర్, యాక్టివ్, పోస్టింగ్, మెమో అని నాలుగు తాళంచెవులు. ఖాతా పేరు చూస్తే ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లో, పదహారుకు మించకుండా ఉండాలి. తన పేరు తెలుగులో రాసుకునే వీల్లేదు. ఆ పొడుగాటి పాస్‌వర్డు రాసుకున్న కాగితం పోతే తిరిగి ఇచ్చే నాథుడు లేడు.

దీనికి మందు కుప్పంలో దొరుకుతుంది. 2002 ఫిబ్రవరిలో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ అప్పటి రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అక్కడ ఐ-కమ్యూనిటీ అనే మూడేళ్ల పథకం మొదలుపెట్టింది. ఊళ్లలో సమాచార కేంద్రాలు తెరిచారు, కంప్యూటర్లు పెట్టారు. ఆ పథకంలో అర్జీదారుకు నచ్చిన ముక్క వేరే ఉంది. స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లకు డిజిటల్ కెమెరా, వెంట తీసుకెళ్లే ప్రింటరు, ఎండతో నడిచే కరెంటు ఏర్పాటు ఇచ్చి వాళ్లను పల్లె ఫొటోగ్రాఫర్లుగా తయారుచేశారు. గుర్తింపు కార్డుకు ఫొటో కావాలన్నా, పెళ్లికి కావాలన్నా ఊరు దాటనక్కర్లేదు. అక్కడే తీసి, అక్కడే అచ్చువేసి, అక్కడే డబ్బు పుచ్చుకునేవారు. యంత్రం లోపల ఏముందో ఆ అక్కలకు ఎవరూ పాఠం చెప్పలేదు, చెప్పాల్సిన పనీ పడలేదు. గడువు తీరాక కంపెనీ పక్కకు తప్పుకుంది.  ఫొటోకు ఊళ్లోనే మనిషి ఉన్నట్టు తాళంచెవికీ ఉండాలి. ఇక్కడ కోరేది ఒక్కటే. ఊరికొక నమ్మకమైన మనిషి, ఊళ్లోని సంఘమో గ్రంథాలయమో, సభ్యుడి తాళంచెవిలో చెరొక ముక్క దాచిపెట్టే ఏర్పాటు చేయండి. సభ్యుడి దగ్గరున్న ముక్క పోయినా, మిగతా ముక్కలు కలిస్తే ఖాతా తెరుచుకోవాలి. ఏ ఒక్కరి చేతిలోనూ మొత్తం ఉండకూడదు.

చెరగని రాత గురించి కూడా ఒక మాట. చెరగకపోవడం విలువ మదనపల్లెకు ఒకరు చెప్పక్కర్లేదు. 2024 జులై 21 రాత్రి ఇక్కడి సబ్‌కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి ఫైళ్లు కాలిపోయాయి, దర్యాప్తు సీఐడీ దాకా వెళ్లింది. భూమి రికార్డులను బ్లాక్‌చెయిన్ మీదికి ఎక్కించాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017లోనే స్వీడన్ సంస్థ క్రోమావేతో చేయి కలిపింది. పట్టా చెరగకూడదు, నిజమే. ఇంటర్ చదివే పిల్ల కోపంలో రాసిన నాలుగు మాటలు కూడా అలాగే చెరగకూడదంటే ఎలా? దిద్దుకునే వీలు ఇచ్చామంటారు, కానీ దిద్దకముందు రాసింది బ్లాకుల్లో అలాగే పడి ఉంటుంది. భూమి రికార్డుకు పెట్టే నియమం మనిషి కోపతాపాలకు పెట్టడం అన్యాయం. రాత పూర్తి పాఠాన్ని బ్లాక్‌చెయిన్ బయట దాచి, దాని గుర్తును మాత్రమే లోపల ఉంచండి.

ధరల సంగతి మాత్రం మాకు నేర్పొద్దు. 2018 జనవరిలో 8 డాలర్లు దాటిన స్టీమ్ ఆ ఏడాది చివరికి అర డాలరు కూడా పలకలేదు. 2023 జులై నెలాఖరులో కిలో 200 రూపాయల దరిదాపుల్లో అమ్ముడైన మదనపల్లె టమాటా ఆ తర్వాత ఎలా పడిపోయిందో చూసినవాళ్లకు ఇది వింత కాదు. తేడా పన్నులో ఉంది. టమాటా రైతుకు ఆదాయపు పన్ను లేదు. క్రిప్టో అమ్మిన లాభం మీద 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను, ఆ జులై నుంచి అమ్మకంపై 1 శాతం టీడీఎస్. ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలో తీసేసుకునే వీలూ లేదు. ఏ రోజున ఎన్ని నాణేలు వచ్చాయో, ఆ రోజు రూపాయల్లో వాటి విలువెంతో చూపించే పట్టీ ఏటా మార్చి 31 నాటికి ఇప్పించండి. ఆడిటరు ముందు కూర్చోవలసింది సభ్యుడే కదా.

వీటిలో ముందుగా తెలుగు ఓట్లకు అరువు బలం ఇప్పించండి. మిగతావి మీ వీలును బట్టి చేయవచ్చు. జవాబు తెలుగులో రాయవలసిందిగా, ఏడు రోజులు దాటినా ఫర్వాలేదని తెలియజేస్తూ,

ఇట్లు
తమ విధేయుడు
కొత్త సభ్యుడు, స్టీమ్ పవర్ లేనివాడు
మదనపల్లె