ఒడ్డెక్కిన కమాండరుగారు

మా బావగారు భారత నౌకాదళమున కమాండరు పదవి వఱకు ఎదిగి, అరువదియేండ్లు నిండకమునుపే ఉద్యోగవిరమణ మొనర్చి, విశాఖపట్టణమున చినవాల్తేరులో డాబామీదనుండి డాల్ఫిన్స్ నోస్ కొండ కనబడునట్టి యిల్లు కట్టుకొని, ఇక శేషజీవితమును కుటుంబమునకును గోల్ఫునకును సమర్పించితినని బంధువులందఱి యెదుట ప్రకటించిరి. ఆ సమర్పణమును గోల్ఫు ఎట్లు స్వీకరించినదో తరువాత మనవి చేసెదను గాని, కుటుంబము మాత్రము కొంత కలవరపాటుతోనే స్వీకరించినది.

ఏలయన, ఆయన నెలల తరబడి సముద్రముమీద నున్న కాలమున అక్కయ్య యొక్కతియే పిల్లలను చదివించి, బదిలీ వచ్చినప్పుడెల్ల విశాఖనుండి కొచ్చికిని, కొచ్చినుండి ముంబయికిని సామాను కట్టించి, గ్యాసు బండ మొదలు పిల్లల పెండ్లిండ్ల వఱకు సమస్తమును నడపుకొనిన మనిషి. కావున బావగారు పెట్టె బేడాతో శాశ్వతముగ నింటికి విచ్చేసి, ఇక నీ నౌకాధిపత్యము తామే వహించెదమని సెలవిచ్చునప్పటికి, ఆ నౌకకు అధిపతి యొకరు ఉండనే యుండుటయు, ఆ పదవికి విరమణవయస్సు లేకపోవుటయు తటస్థించినది.

అయినను ఆయన ప్రయత్నలోపము చేయలేదు. వంటయిల్లు గ్యాలీ యయ్యెను. నేల డెక్కు అయ్యెను. ఓడలమీద దినమును నాలుగేసి గంటల వాచీలుగా విభజించి, సాయంకాలము నాలుగు మొదలు ఎనిమిది వఱకు గల కాలమును మాత్రము రెండేసి గంటల డాగ్ వాచీలుగా ఖండింతురు. అట్లు చేయనిచో వాచీల సంఖ్య సరిసంఖ్యయై, పాపము, ఒకే మనిషికి నిత్యము నడిరేయి కావలి పడవచ్చును. ఈ సూక్ష్మధర్మమును బావగారు పాలు కాచుట, మోటారు వేయుట, కరివేపాకు చెట్టునకు నీరు పోయుట మున్నగు గృహకృత్యములకు వర్తింపజేసి, రెండు రంగుల సిరాతో పట్టిక వ్రాసి ఫ్రిజ్జునకు అంటించిరి. అక్కయ్య దానిని సాంతము చదివి, "బాగుందండీ. ఇందులో మీ పేరు ఎక్కడా కనబడదేం?" అని మాత్రము అడిగినది. మఱునాటినుండి పాల కావలి ఆయనదే. డాగ్ వాచీలు రెండును గూడ ఆయనవే.

ఇక గోల్ఫు. స్కాట్లండు రాజైన రెండవ జేమ్సు కాలమున, 1457లో, జనులు విలువిద్య మాని యీ యాటలో పడి చెడిపోవుచున్నారని అచ్చటి పార్లమెంటు దీనిని నిషేధించినది. ఆ నిషేధమును నిలువనీయని వారెవ్వరో గాని, వారిమీద అక్కయ్యకు సదభిప్రాయము లేదు. 45.93 గ్రాములకు మించరాని బంతిని, 14కు మించరాని కఱ్ఱలు మోయించుకొనుచు, 108 మిల్లీమీటర్ల వెడల్పు గల రంధ్రములో, అందును ఒకటి కాదు, 18 రంధ్రములలో పడవేయుటకై, బావగారు తెల్లవాఱకమునుపే ముడసర్లోవ జలాశయము చెంతనున్న మైదానమునకు బయలుదేఱుదురు.

నేనును ఒకనాడు వెంట పోతిని. ఆయన తడివేలు గాలిలోనికెత్తి, ఆగ్నేయమునుండి పన్నెండు నాట్ల గాలి యని నిర్ణయించి, దానికి తగిన కోణమును గణించి, కాళ్లు రెండును తుఫానులో డెక్కుమీద వలె తన్నిపట్టి, గంభీరముగ కఱ్ఱ విసరిరి. "తుప్పల్లోకి ఎల్లిపోనాది సార్," అని క్యాడీ విన్నవించెను. పోయిన బంతిని వెదకుటకు పూర్వము ఐదు నిమిషములు గడువుండగా, 2019నుండి దానిని మూడు నిమిషములకు కుదించినారు. నీటబడిన మనిషికొఱకు దినముల తరబడి గాలించు దళములో పెరిగినవారికి ఈ నిబంధన అమానుషముగ తోచుటలో వింతలేదు. రెండవ బంతి యిసుక గుంటలో పడినది. కొలువున్నంతకాలము ఓడను ఒక్కమాఱైనను ఇసుకమేట నెక్కింపని మనిషి, నాకన్నుల యెదుటనే, ఒక్క ఉదయములో పలుమాఱులు మెట్టతగిలెను. విచారణసంఘము కూర్చుండలేదు, అంతియే. అయితే ఒక్కటి చెప్పవలెను. పొదల చాటున, ఎవ్వరును చూడని చోట, కఱ్ఱ తగిలి బంతి వెంట్రుకవాసి కదలినను, ఆయన బయటికి వచ్చి, తనమీద తానే యొక దెబ్బ జరిమానా వ్రాసికొనెను.

ఇంతటి పరాభవమును కోరి కొనితెచ్చుకొనుటకు కారణమేమై యుండునని నేను చాల ఆలోచించితిని. దశాబ్దములపాటు నోరు విప్పిన చాలును, నలుదిక్కులనుండి "అయ్ అయ్ సర్" అను ప్రత్యుత్తరము తప్ప వేఱొకటి వినని మనిషికి, లోలోపల, తన మాట వినని దేదైన నొకటి కావలెనను దాహము పుట్టక మానదు. బంతి వినదు. అక్కయ్య వినదు. ఐదేండ్ల మనుమరాలు, కార్పెటుమీద స్టీలుగ్లాసు పడుకోబెట్టి ఆయన బంతిని దొర్లింపబోవు సమయమున సరిగా ఆ గ్లాసునే తీసికొనిపోయి బొమ్మకు నీళ్లు త్రాగించును. ఈ మూడింటి నడుమ బావగారి ముఖమున కనబడు సంతోషము, ఛాయాపటములలో పతకములు ధరించి నిలిచినప్పుడు నాకు కనబడలేదు.

మొన్న చిన్నమ్మాయి పెండ్లిచూపులకు కాకినాడనుండి మగపెండ్లివారు వచ్చిరి. అబ్బాయి తండ్రి చేతిమీద, ఎడమ అఱచేతికి తొడుగు వేసికొని మిగిలినదంతయు ఎండకు విడిచిన గుర్తు బావగారి కంట బడినది. అంతటితో జాతకములు పోయినవి, పెట్టుపోతలు పోయినవి. పూతరేకులు పళ్లెములలోనే యుండగా, కాబోవు వియ్యంకులిద్దఱును వరండాలో చెఱియొక గొడుగు తలక్రిందులుగ పట్టుకొని, నడుము ఎంత త్రిప్పవలెనను విషయమై గంటకు పైగా వాదించుకొనిరి. అబ్బాయియు అమ్మాయియు లోపల తమకు కావలసినదంతయు నిశ్చింతగా మాటాడుకొనిరి.

కారు వీధిమలుపు తిరిగిన పిమ్మట అక్కయ్య, "ఏమండీ, ఇంతకీ అబ్బాయి ఏం చేస్తున్నాడట?" అని ప్రశ్నించినది.

"వాళ్ల నాన్నగారి హాండీక్యాప్ పన్నెండు," అనిరి బావగారు. "పన్నెండని ఆయనే చెప్పాడు. నడుము తిప్పడం చూస్తే పదని చెప్పినా నేను నమ్మేవాణ్ణి. మనిషి అబద్ధమాడడు."

అక్కయ్య మఱుమాటాడక లోనికి పోయి, అబ్బాయి మేనత్తకు ఫోను చేసి, తక్కిన సంగతులన్నియు పది నిమిషములలో రాబట్టినది.