ఫీజు సందేశానికి 'సర్వంకష' వ్యాఖ్య

మూలం: "సరస్వతీ స్వరూపులైన మేడం గారికి పాదాభివందనాలు. మీ ఋణం డబ్బుతో తీరేది కాదు. మా పాప ఈ నెల మూడు క్లాసులకే వచ్చింది గనుక ఫీజు సగానికి అడ్జస్ట్ చేయగలరు. విద్యాదానం మహాదానం." (చివర మూడు జతల దండాలు.)

అవతారిక: ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన, మెడికల్ షాపు పైగదిలో మా ఆవిడ గాత్రం, వీణ చెబుతుంది. పెన్షన్ తింటూ ఖాళీగా ఉన్న తెలుగు పండితుణ్ని కాబట్టి లెక్కల పుస్తకం నాకు అప్పజెప్పింది. ఐదో తారీఖున రావలసిన ఫీజుకు బదులు తొమ్మిదో తారీఖు రాత్రి ఈ గద్యం దిగింది. ఇటువంటివి ప్రతి నెలా వస్తాయి. కర్తలు వేరైనా శైలి ఒక్కటే. మాఘకావ్యానికి మల్లినాథసూరి రాసిన వ్యాఖ్య పేరు సర్వంకష. ఆయనది మెదక్ దగ్గరి కొల్చారం, పాత లెక్కలో పొరుగు జిల్లా వాళ్లమన్న చొరవతో ఆ పేరు ఎత్తుకొచ్చాను. మూలంలో లేనిది రాయనని, అక్కర లేనిది చెప్పనని ఆయన ప్రతిజ్ఞ. అందులో రెండో సగం నావల్ల అయ్యేది కాదు.

మంగళం: కావ్యారంభంలో ఆశీస్సో నమస్కారమో వస్తునిర్దేశమో ఉండాలన్నాడు దండి. మన కవి నమస్కారంతో ఎత్తుకుని, వస్తువును మూడో వాక్యం దాకా కొంగు చాటున దాచాడు. ప్రతిపదార్థం పిల్లలకైనా తెలుస్తుంది గనుక వదిలేస్తున్నాను.

"మీ ఋణం డబ్బుతో తీరేది కాదు": ఇది ధ్వనికావ్యం. ధ్వన్యాలోకంలో ఒక స్త్రీ, పూలకోసం వచ్చే ధార్మికుడికి, నిన్ను బెదిరించే కుక్కను సింహం చంపేసింది, ఇక నిశ్చింతగా తిరగమని చెబుతుంది. పైకి అనుమతి, లోపల ఈ ఛాయలకు రావద్దని హెచ్చరిక. ఇక్కడా అంతే. పైకి స్తుతి, లోపల "అడగొద్దు" అని నిషేధం. తీరేది కాదు గనుక తీర్చే ప్రయత్నం కూడా చేయబోమని భావం.

"విద్యాదానం మహాదానం": ఇక్కడ కాస్త ఆగాలి. విద్యను అమ్మరాదనే మాట ఎక్కడిదంటారా? మనుస్మృతి మూడో అధ్యాయంలో, శ్రాద్ధానికి పిలవకూడని వాళ్ల జాబితాలో, కూలి పుచ్చుకుని చెప్పే గురువుతో పాటు కూలి ఇచ్చి చదువుకున్న శిష్యుడూ ఉన్నాడు. ఈ రెండోవాణ్ని మన కవి చదివినట్టు లేదు. కాళిదాసు మాళవికాగ్నిమిత్రంలో గణదాసు అనే నాట్యాచార్యుడు, కేవలం బతుకుతెరువు కోసం విద్య నేర్చినవాడు జ్ఞానాన్ని సరుకుగా అమ్మే వర్తకుడని ఈసడిస్తాడు. ఎంత బాగుంది! కానీ గణదాసుకు అగ్నిమిత్రుడి కొలువులో జీతం ఉంది. ఆ అంకంలోనే విదూషకుడు, పొట్టేళ్ల పోరు చూద్దాం పదండి, ఈ ఆచార్యులకు ఊరికే జీతాలెందుకు అంటాడు. ఆ నాటకానికి వ్యాఖ్య రాసిన కాటయవేముడు కొండవీటి కుమారగిరి రెడ్డి మంత్రి, వ్యాఖ్య పేరు కూడా కుమారగిరిరాజీయమే. విద్యకు వెల కట్టరాదన్నవాడికీ, ఆ మాటకు టీక రాసినవాడికీ నెల తిరిగేసరికి పొయ్యి వెలిగించే రాజు ఒకడున్నాడు.

రఘువంశం ఐదో సర్గ ఇంకా రుచిగా ఉంటుంది. గురుదక్షిణ అడగమంటే, నీ సేవే చాలు పొమ్మన్నాడు వరతంతువు. శిష్యుడు కౌత్సుడు వదల్లేదు. విసిగిపోయిన గురువు, పద్నాలుగు విద్యలకు పద్నాలుగు కోట్లు తెమ్మన్నాడు. కౌత్సుడు అడగవస్తే, విశ్వజిత్ యాగంలో సర్వస్వం ధారపోసి మట్టిపాత్రతో అర్ఘ్యం ఇచ్చిన రఘుమహారాజు, కుబేరుడి మీదికి దండెత్తబోయేసరికి కోశాగారంలో బంగారం కురిసింది. అంతా తీసుకోమని రాజు, గురువు అడిగినదానికి మించి వద్దని శిష్యుడు. ఇద్దరినీ చూసి సాకేతవాసులు మురిసిపోయారు. ఇలా పోట్లాడుకునే తల్లిదండ్రులు మా మెట్లెక్కి ఎప్పుడొస్తారా అని చూస్తున్నాను. పైగా వరతంతువుకు అడ్వాన్సు అడిగే ఇంటి ఓనరు లేడు.

ద్రోణుడి సంగతి చెప్పకుండా పోలేను. పిల్లవాడికి పాలు లేక, తోటివాళ్లు పిండినీళ్లు పాలని తాగిస్తే గంతులేసిన అశ్వత్థామను చూసి ఆయన ద్రుపదుడి గుమ్మం తొక్కాడు. అక్కడ స్నేహం చెల్లలేదు. హస్తినలో కొలువు దొరికాకే ఆ ఇల్లు గట్టెక్కింది. అంతటి విలుకాడు కొలువు లేనన్నాళ్లు పిండినీళ్ల సంసారమే చేశాడు. ఊరి సంగతికొస్తే, మా ఊరి పేరులోని ఇబ్రహీం కుతుబ్‌షా (1550–1580) తెలుగు కవుల నోట మల్కిభరాముడు, అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానం అంకితం పుచ్చుకున్నవాడు. ఆ పేరు మాకు మిగిలింది, పోషణ మిగల్లేదు.

ఎక్కడున్నాం? ఆఁ, సగం ఫీజు.

"మూడు క్లాసులకే వచ్చింది గనుక": ఇది హేత్వాభాస. పాప రాలేదు, మేడం వచ్చింది. స్కూలు బస్సులు ఐదింటికి దింపుతాయి, ఏడున్నరకు పిల్లలు అన్నానికి లేస్తారు. ఈ మధ్య రెండున్నర గంటలే మా దుకాణం. పాప వంతు వచ్చేసరికి చాప పరిచి ఉంటుంది, శ్రుతిపెట్టె మోగుతుంటుంది, మా ఆవిడ తలుపు వైపు చూసి చూసి హాజరు పుస్తకంలో "గై" అని రాస్తుంది. ఆ సమయం ఇంకొకరికి ఇవ్వలేం, రేపటికి దాచిపెట్టలేం. నెలకు 1,000 చొప్పున ఇరవై మంది అనుకోండి, 20,000. గది అద్దె 8,000. కరెంటు దుకాణాల రేటు, మాయామాళవగౌళకు తగ్గింపు లేదు. తంతులు తెగితే కొనాలి. మే నెల ఎండకు మైనం మెత్తబడి వీణ మెట్లు జరిగితే మేళం కట్టించాలి. సరిగ్గా ఆ మేలోనే సెలవులు గదా అని అందరూ వస్తారు, జూన్ 12న బడి తెరవగానే చెప్పాపెట్టకుండా మాయమవుతారు. ఫిబ్రవరి, మార్చి పరీక్షలకు అర్పితం. అద్దెకు మాత్రం పన్నెండు నెలలూ ఉన్నాయి.

ఇక్కడ శంక: ప్రభుత్వానికి పన్ను కట్టరు కదా, తగ్గించలేరా? సమాధానం: సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటితే గదా జీఎస్టీ రిజిస్ట్రేషన్! కళలు నేర్పే వ్యక్తులకు ఆపైన కూడా మినహాయింపు ఉంది. 2022 జులై 18 నుంచి అది సంస్థలకు పోయి వ్యక్తులకే మిగిలింది. అందులోనూ దీన్ని వినోద కార్యకలాపాల కిందే లెక్కేశారు. మినహాయింపు ఇస్తూనే చిన్నబుచ్చారు.

"అడ్జస్ట్ చేయగలరు": చేయగలం. చేశాం కూడా. ఇంట్లో నిజంగా ఇబ్బంది ఉన్న ఒక తల్లి మెట్ల మీదే నిలబడి, ఈ నెల కాదమ్మా అని ఒక్క మాట అన్నది, ఆ నెల పద్దు కొట్టేశాం. ఆమె సరస్వతిని మధ్యలోకి లాగలేదు. కారులో వచ్చి పాదాభివందనం పెట్టేవాళ్లతోనే చిక్కు. పాప జ్వరంతో వారం బడి మానితే బస్సు ఫీజు తగ్గించమని వీళ్లలో ఎవరూ కరస్పాండెంటుకు సాష్టాంగపడరు. అక్కడ గడువులోపే కడతారు, రసీదు పుచ్చుకుంటారు.

తాత్పర్యం: ఫీజు ఐదో తారీఖు లోపల పూర్తిగా కట్టండి. మానేసేటట్టయితే ముందు నెలలోనే చెప్పండి, ఆ గంట ఇంకో బిడ్డకిస్తాం. కష్టంలో ఉంటే కష్టమనే చెప్పండి. స్కానర్ తలుపు పక్క గోడకు అంటించి ఉంది.