బాబాయ్ గారి కుడికాలు

ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మా కాకినాడలో ఆ కోవకి పెద్దదిక్కు మైలేజీ బాబాయ్ గారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ అదిప్పుడు ఆధార్ కార్డులో తప్ప ఎక్కడా కనపడదు. ఆయనకి తాళ్లరేవు వైపు రొయ్యల చెరువులున్నాయి. ఏరేటర్లు తిరిగినందుకు కరెంటు బిల్లు ఎంతొచ్చినా కిక్కురుమనకుండా కట్టేస్తారు. మేత ధర పెరిగితే "సర్లే" అంటారు. పెట్రోలు ముల్లు ఒక గీత దిగితే మాత్రం ఆ పూట అన్నం సయించదు.

బండి పేరు మనకెందుకు లెండి. రెండు లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, రెండు టన్నులకి కాస్త ఇటుగా బరువు, నాలుగు చక్రాలకీ ఊపునిచ్చే ఫోర్ బై ఫోర్ ఏర్పాటు, గాలికి ఎదురు నిలబడే నిటారు ముఖం. డీజిలు ఎందుకు కొనలేదంటే దానికో కథ ఉంది. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిలు బళ్లు తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆర్డరు వేసింది, 2018లో సుప్రీంకోర్టు కూడా సరేనంది. ఆ వార్త బాబాయ్ గారు చదివారు. "రేపు మనకీ వస్తుంది అబ్బాయ్, చూస్తూండు" అని పెట్రోలు బండి బుక్ చేశారు. అది ఇంతవరకూ తుని దాటలేదు.

బండికి పూజ చేసిన రోజే ఆయన మనశ్శాంతికి నీళ్లొదిలారు. పంతులు గారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి లేచి, దక్షిణ చేతిలో పడకముందే "లీటరుకెంతిస్తుందండీ?" అన్నారు. పంతులు గారికి స్కూటీ ఉంది. బాబాయ్ గారు కంపెనీ కాగితం తీసి అందులో అంకె గట్టిగా చదివారు. ఆ అంకె ఎక్కడ పుట్టిందో తర్వాత గానీ తెలియలేదు: ప్రయోగశాలలో, రోలర్ల మీద, ఏసీ ఆపేసి, గంటకి 90 దాటకుండా. అక్కడ ఎదురుగాలి లేదు, జగన్నాథపురం వంతెన లేదు, భానుగుడి సెంటర్లో అడ్డంగా తిరిగే షేర్ ఆటో లేదు. మొదటి ట్యాంకుకి కాకినాడలో వచ్చింది ఎనిమిదిన్నర. ఆ రాత్రి పిన్ని గారు ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదనుకున్నారు.

అప్పట్నించి డ్యాష్‌బోర్డులో ఒక ఎల్ఐసీ డైరీ, దారంతో కట్టిన పెన్ను. పద్ధతి మాత్రం వంక పెట్టడానికి లేదు. ఫుల్ ట్యాంకు కొట్టించి ట్రిప్పు మీటరు సున్నా చేయడం, మళ్లీ ఫుల్ కొట్టించినప్పుడు తిరిగిన కిలోమీటర్లని పట్టిన లీటర్లతో భాగించడం. బండి తెర మీద కనపడే సగటుని ఆయన నమ్మరు. "అది కొత్తల్లుడి మాట అబ్బాయ్, మనకి నచ్చేదే చెబుతుంది" అంటారు. నమ్మరు కానీ, ఖాళీగా ఉన్న హైవే మీద దాన్ని సున్నా చేసి, 14 చూపించిన క్షణాన ఫొటో తీయించి బంధువుల గ్రూపులో పెడతారు.

బంకులో ఆయన దిగగానే కుర్రాళ్లు నువ్వెళ్లంటే నువ్వెళ్లనుకుంటారు. రావడం తెల్లారకట్ల, పెట్రోలు చల్లగా చిక్కగా ఉంటుందని. ట్యాంకులు భూమిలో ఉంటాయి, పొద్దునకీ మధ్యాహ్నానికీ లోపల పెద్ద తేడా ఉండదని మేనేజరు చెప్పి చూశాడు. ఎప్పుడూ అదే పంపు, అదే గొట్టం, బండి నిలపడం అదే గచ్చు పలక మీద. గొట్టం టక్కుమని ఆగాక బానెట్టు మీద రెండు చేతులూ వేసి బండిని ఊపుతారు. లోపలి గాలి బయటికొస్తే మరో పావులీటరు పడుతుందట. ఆ ఊపుడుకి వెనక స్కూటర్ల వరస కూడా లయగా హారన్లు కొడుతుంది.

ఇంత నిష్ఠగల మనిషి ఆ బండికి చేయించిన అలంకారాలు చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. నెత్తిన ఇనుప క్యారియరు, దాని మీద గుడారం పెట్టె, పక్కన పార, ఖాళీ జెర్రీ క్యాను, నీళ్లలో మునిగినా ఊపిరి పీల్చుకునే స్నార్కెలు. అవన్నీ గాలికి అడ్డమే. గాలి నిరోధం వేగానికి వర్గంలా పెరుగుతుంది. 80లో వెళ్లేవాడు 100కి పెంచితే గాలి తోపు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఈ లెక్క కాలనీకి నేర్పింది ఆయనే. "మరి ఆ క్యారియరు?" అంటే, "అది లుక్కు అబ్బాయ్" అన్నారు. ఆ ఒక్క మాటకి భౌతికశాస్త్రంలో జవాబు లేదు.

గళ్ల గళ్ల లావు టైర్లు వేయించినప్పుడు ఇంకో చిత్రం జరిగింది. డైరీలో అంకె ఇంకా దిగిపోయింది. వారం పాటు దిగాలుగా తిరిగి, ఒకరోజు సైకిలు మీద మా ఇంటికొచ్చారు. (పక్క వీధికి బండి తీయరు. చల్లారిన ఇంజను వేడెక్కేలోపు తాగే పెట్రోలు దండగ అంటారు, అది నిజమే.) ఆయన కనిపెట్టిందేమిటంటే, చక్రం పెద్దదైతే ఒక్కో చుట్టుకి బండి ఎక్కువ దూరం పోతుంది, మీటరు మాత్రం పాత చుట్టుకొలతతోనే లెక్కేస్తుంది, కాబట్టి దిగింది మైలేజీ కాదు, కిలోమీటర్లు! కొంత నిజం, కొంత ఊరట. బరువు టైర్లని దొర్లించడానికి పోయే పెట్రోలు సంగతి ఆ సంతోషంలో నేనెత్తలేదు.

తర్వాత బరువు మీద పడ్డారు. మూడో వరస సీటు పీకి అటక మీద పెట్టించారు. బావమరిది బండెక్కబోతే "ఎన్ని కేజీలుంటావ్?" అన్నారు. పిన్ని గారు పుట్టింటి నుంచి తెస్తున్న 25 కేజీల బియ్యం బస్తా ఆర్టీసీ కార్గోలో వేద్దామన్నారు. ఆవిడ ఆయన బొజ్జ వైపు చూసి, "ముందు దాన్ని వేయండి కార్గోలో" అన్నారు. బస్తా బండిలోనే వచ్చింది.

అయితే నవ్వుతూ నవ్వుతూ ఒకటి ఒప్పుకోవాలి: ఆయన కుడికాలంత మర్యాదస్తురాలైన కాలు జిల్లాలో ఉండదు. పెట్రోలు మిగిలేది యంత్రంలో కాదు, పాదం కింద అని ఆయనకి తెలుసు. బ్రేకు తొక్కడమంటే అప్పటికే కాల్చిన పెట్రోలుని వేడి చేసి గాల్లోకి వదిలేయడం. అందుకని సిగ్నల్‌కి రెండు ఫర్లాంగుల ముందే కాలు తీసేస్తారు. రెండు టన్నుల బండి తనంతట తనే దొర్లుకుంటూ, ఎర్రదీపం పచ్చబడే వేళకి అక్కడికి చేరుకుంటుంది. వెనకాల లారీవాడు ఏమంటున్నాడో అద్దాలు మూసి ఉంటాయి కాబట్టి వినపడదు. టైర్లలో గాలి తెల్లారకట్ల, చక్రం చల్లగా ఉన్నప్పుడే, సొంత గేజీతో చూస్తారు. పూర్వం యానాం–ఎదుర్లంక వంతెన దిగేటప్పుడు న్యూట్రల్లో వదిలేసేవారు. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉంచి కాలు తీస్తే ఇంజక్టర్లు పెట్రోలు పూర్తిగా ఆపేస్తాయని, న్యూట్రల్లోనే ఇంజను తిరగడానికి ఇంత తాగుతుందని మెకానిక్కు చెప్పిన రోజు ఆయన నిజంగా బాధపడ్డారు. ఎన్నేళ్ల పెట్రోలు అలా పల్లంలో పోయిందో అని.

ఫోర్ బై ఫోర్ గేరు కర్రని ఆయన ముట్టుకోగా ఎవరూ చూడలేదు. "అది పడితే ముందు చక్రాల షాఫ్టు కూడా తిప్పాలి, తాగేస్తుంది" అంటారు. మరి ఎందుకు కొన్నట్టు? "ఉండాలి అబ్బాయ్. అవసరానికి." ఆ అవసరం ఓ కార్తీక మాసంలో ఉప్పాడ ఇసకలో రానే వచ్చింది. వనభోజనాలకని వెళ్లిన బండి వెనక చక్రాలు ఇరుసుదాకా దిగబడ్డాయి. కర్ర వేయమని అందరూ అరిచారు. టైర్లలో గాలి సగానికి దించితే చక్రం వెడల్పై ఇసక మీద తేలుతుందని ఒక కాలేజీ కుర్రాడు చెప్పాడు, సరైన సలహాయే. బాబాయ్ గారు గేజీ జేబులో దాచేసుకుని, "పొద్దున్నే 35 పట్టించానురా, ఎలా దించమంటావ్?" అన్నారు. చివరికి ట్రాక్టరు వచ్చింది. ట్రాక్టరు డీజిలుకి డబ్బులిచ్చారు గానీ, ఇచ్చేముందు దాని మైలేజీ అడిగారు.

ఇప్పుడు కొత్త దుఃఖం ఇథనాల్. పెట్రోల్లో ఇరవై శాతం అదే. ఇథనాల్లో లీటరుకి దొరికే శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. పాత తరహా కార్లలో మైలేజీ ఆరేడు శాతం తగ్గొచ్చని, దానికోసం మలిచిన వాటిలో ఒకటి రెండు శాతమేనని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. చెరుకు నుంచే కాదు, మొక్కజొన్న నుంచీ నూకల నుంచీ కూడా ఇథనాల్ తీస్తారని తెలిశాక ఆయన కోపం ఇంకో మలుపు తిరిగింది. "అంటే నా బండి నూకలు తాగుతోందన్నమాట. అవి నా కోళ్లకేస్తే గుడ్లయినా పెట్టేవి" అన్నారు. అప్పట్నించి డైరీలో ఎంత తగ్గినా ఆరేడు శాతం నూకల ఖాతాలో పోతోంది.

ఆయన ప్రతిభకి అసలు గీటురాయి యానాం. కాకినాడకి సుమారు 30 కిలోమీటర్లు. ఊరు గోదావరి ఒడ్డునే ఉన్నా పాలన పుదుచ్చేరిది, పన్ను తక్కువ. పెట్రోలు మన ధర కంటే లీటరుకి పది రూపాయల పైచిలుకు చవక. 50 లీటర్లు కొట్టిస్తే ఐదొందల పైన మిగులు. కానీ పోనూ రానూ 60 కిలోమీటర్లు, బండి తాగేది ఆరేడు లీటర్లు, ఆరొందల పైమాటే. బాబాయ్ గారికి ఈ లెక్క రాక కాదు. పెట్రోలు కోసం యానాం వెళితే నష్టం. యానాంలో పనుండి వెళ్లి పెట్రోలు కొట్టిస్తే లాభం. కాబట్టి యానాంలో పని కావాలి.

రెండో అమ్మాయికి సంబంధాలు చూస్తున్నప్పుడు విశాఖ డాక్టరు, హైదరాబాద్ సాఫ్ట్‌వేరు వరసలో ఉండగా, "యానాంలో ఒక లెక్చరర్ కుర్రాడున్నాడండీ" అన్నాడు మధ్యవర్తి. బాబాయ్ గారు జాతకం అడగలేదు, "బంకు వాళ్లింటికెంత దూరం?" అన్నారు. కుర్రాడు బంగారం, అమ్మాయి హాయిగా ఉంది, అది వేరే విషయం. ఇప్పుడు పదిహేను రోజులకోసారి కూతుర్ని చూసొస్తారు. ఇంత ప్రేమగల తండ్రి ఉంటాడా అని అత్తవారి వీధిలో చెప్పుకుంటారు. యానాం పెట్రోలుని డైరీలో ఆకుపచ్చ సిరాతో రాస్తారు.

వియ్యంకుడు గారు మర్యాదస్తుడే, కాకపోతే తీపి ఇష్టం. "బావగారూ, వచ్చేటప్పుడు మీ ఊరి గొట్టం కాజాలు రెండు కేజీలు తెద్దురూ" అని ప్రతిసారీ ఫోను చేస్తారు. ఆ కాజాల ఖరీదు ఎక్కడ రాశారా అని ఒకసారి డైరీ తిరగేశాను. ఎక్కడా లేదు.

"అది బండి తినేది కాదు కదా అబ్బాయ్" అన్నారు బాబాయ్ గారు, డైరీ మూసి నా చేతిలోంచి లాక్కుంటూ.